దేవుడు కొలిచి ఇచ్చిన మేర

1807లో అమెరికాలోని ప్రావిడెన్స్ పట్టణంలో పంతొమ్మిదేళ్ల కుర్రవాడొకడు ఒక ఉత్తరం పట్టుకుని తపాలా కార్యాలయానికి బయలుదేరాడు. కాలేజీలో ప్రథమ స్థానం తనకే వచ్చిందని తండ్రికి తెలియజేసే ఉత్తరమది. అందులో ఆ ఒక్క ముక్క తప్ప ఇంకేమీ లేదు. తిన్నని దారి ఉండగా అతడు చుట్టుదారి పట్టాడు. గుండెదడ తగ్గాలి, ముఖంలో పొంగుతున్న ఆనందం అణగాలి, తోటి విద్యార్థుల ఎదుట, మరీ ముఖ్యంగా ఆ స్థానం కోసం చివరిదాకా తనతో పోటీపడిన సహవిద్యార్థి ఎదుట, నిబ్బరంగా కనిపించాలి. అందుకోసం ఆ తిప్పలు. ఆ కుర్రవాడి పేరు అదోనీరాం జడ్సన్.

బర్మా దేశానికి బైబిల్ ఇచ్చిన మిషనరీగా క్రైస్తవ లోకమంతా ఎరిగిన జడ్సన్ ఆయనే. చెరసాల, సంకెళ్లు, తలగడలో దాచిన లేఖనాల రాతప్రతి, ఇవన్నీ మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలిసిన సంగతులు. ఈ వారం మేము ఆ జీవితాన్నే మరో వైపు నుంచి చూడదలిచాం. తనను ఇతరులతో పోల్చి చూసుకునే జబ్బు జడ్సన్‌కు పసితనంలోనే అంటుకుంది. ఆయన మారుమనస్సు పొందాక కూడా అది వదలలేదు, వేషం మార్చుకుని వెంట వచ్చింది. ఆ మాట చెప్పడం ఆయన్ను చిన్నబుచ్చడానికి కాదు. ఆ జబ్బు లేని విశ్వాసి ఎవరున్నారు? పాస్టర్ల సహవాసాల్లో యోగక్షేమాలు అయీ కాకముందే మీ సంఘం ఎంతమంది అని అడగడం మనకు అలవాటే కదా!

జడ్సన్ 1788 ఆగస్టు 9న మసాచుసెట్స్ రాష్ట్రంలోని మాల్డెన్‌లో పుట్టాడు. తండ్రి పేరు కూడా అదోనీరామే, ఆయన కాంగ్రిగేషనల్ సంఘ కాపరి. మూడేళ్ల వయసులో, తండ్రి ఊళ్లో లేని రోజుల్లో, తల్లి ఆ పిల్లవాడికి చదవడం నేర్పింది. తిరిగివచ్చిన తండ్రికి పిల్లవాడు బైబిల్‌లోని ఒక అధ్యాయం చదివి వినిపించాడు. ఆ తండ్రి ఉప్పొంగిపోయాడు. నువ్వు గొప్పవాడివి అవుతావని కుమారుడికి నూరిపోయడం మొదలుపెట్టాడు. మంచి తండ్రే, భక్తిపరుడే. తాను చిన్న ఊళ్లలో కాపరిగా మిగిలిపోయాడు గనుక కొడుకైనా పెద్ద పేరు తెచ్చుకోవాలని ఆశపడ్డాడేమో అని మాకనిపిస్తుంది. మన ఇళ్లలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున జరిగే మాటలు గుర్తుచేసుకుంటే ఆ తండ్రి మనకు కొత్తవాడేమీ కాదు.

పద్నాలుగేళ్ల వయసులో జడ్సన్‌కు పెద్ద జబ్బు చేసి ఏడాదిపాటు చదువు ఆగింది. మంచం మీద పడుకుని ఆ పిల్లవాడు తన భవిష్యత్తును ఊహించుకునేవాడు. గొప్ప వక్త కావాలా, కవి కావాలా, రాజకీయ నాయకుడు కావాలా? ఎవరి కీర్తి ఎక్కువ కాలం నిలుస్తుంది? ఇలా ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టి తూచేవాడు. చివరికి గొప్ప దైవజనుడి కీర్తి అన్నిటికన్నా మిన్న అని లెక్క తేలుతుండగా, 115వ కీర్తన మొదటి వచనం పిడుగులా అతని మనసులో మోగింది. మహిమ ఎవరికి చెందాలో చెప్పే ఆ వచనం విని పిల్లవాడు హడలిపోయాడు. కానీ కోలుకుని లేచాక ఆ సంగతి పక్కనపెట్టి మళ్లీ పరుగు అందుకున్నాడు.

కాలేజీలో మొదటి ఏడాది చదువు దాటేసి నేరుగా రెండో ఏడాదిలో చేరాడు. అదే ఇప్పటి బ్రౌన్ విశ్వవిద్యాలయం. అక్కడ జేకబ్ ఈమ్స్ అనే తెలివైన మిత్రుడు దొరికాడు. ఈమ్స్ దేవుడు ఉన్నాడంటాడు గానీ బైబిల్‌ను, క్రీస్తును ఒప్పుకోడు. కాపరి కుమారుడైన జడ్సన్ కూడా అదే బాట పట్టాడు. చదువయ్యాక ప్లిమత్‌లో బడి పెట్టాడు, వ్యాకరణం మీద ఒకటి, లెక్కల మీద ఒకటి పాఠ్యపుస్తకాలు రాసి అచ్చు వేయించాడు, అవీ సరిపోక న్యూయార్క్ వెళ్లి నాటకాల వాళ్లతో కొన్నాళ్లు తిరిగాడు.

ఆ తిరుగుడులోనే ఒక రాత్రి సత్రంలో దిగాడు. పక్కగదిలో ఎవరో చావుబతుకుల్లో ఉన్నారని, అభ్యంతరం లేకపోతే ఆ గది తీసుకోమని సత్రం యజమాని చెప్పాడు. రాత్రంతా ఆ మూలుగులు వింటూ జడ్సన్ నిద్రపోలేకపోయాడు. పక్కగదిలోని మనిషి చావుకు సిద్ధపడి ఉన్నాడా, తాను సిద్ధంగా ఉన్నాడా అన్న భయం పట్టుకుంది. దానితోపాటు సిగ్గు కూడా. ఈ పిరికితనం చూస్తే ఈమ్స్ ఎంత నవ్వుతాడో అనుకున్నాడట. గమనించండి, మరణభయంలో కూడా ఆయన తనను మరో మనిషి పక్కన నిలబెట్టి చూసుకున్నాడు. తెల్లవారాక అడిగితే ఆ రోగి చనిపోయాడని చెప్పారు. పేరు అడిగాడు. జేకబ్ ఈమ్స్!

ఏ మనిషి ధైర్యంతో తన ధైర్యాన్ని పోల్చుకున్నాడో ఆ మనిషే గోడకు అవతల ప్రాణం విడిచాడు. జడ్సన్ గుర్రాన్ని ఇంటివైపు తిప్పాడు. 1808లో ఆండోవర్ సెమినరీలో చేరాడు, అదే ఏడాది డిసెంబరులో తనను ప్రభువుకు సమర్పించుకున్నాడు, మరుసటి ఏడాది తండ్రి సంఘంలో సభ్యుడయ్యాడు. బోస్టన్‌లోని పార్క్ స్ట్రీట్ చర్చిలో సహకాపరి పదవి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ రోజుల్లో ఒక యువకుడికి అంతకంటే గౌరవం లేదు. ఇంట్లో అందరూ పండగ చేసుకుంటుంటే, దూరదేశానికి సువార్త తీసుకెళ్తానని చెప్పి తల్లినీ చెల్లెలినీ ఏడిపించాడు. 1812 ఫిబ్రవరి 5న ఆన్ హాసెల్టైన్‌ను వివాహమాడి, మర్నాడు సేలం పట్టణంలో అభిషేకం పొంది, రెండు వారాలకే ఓడ ఎక్కాడు.

ఆ మొదటి బృందంలో అభిషేకం పొందినవాళ్లు ఐదుగురు యువకులు. జడ్సన్, శామ్యూల్ న్యూవెల్, గోర్డన్ హాల్, శామ్యూల్ నాట్, లూథర్ రైస్. ఈ ఐదు పేర్లు గుర్తుంచుకోమని మనవి, చివర్లో వీటితో పని ఉంది.

ఓడలోనే జడ్సన్ బాప్తిస్మాన్ని గురించి లోతుగా అధ్యయనం చేసి, కలకత్తా చేరాక 1812 సెప్టెంబరు 6న ముంచుడు బాప్తిస్మం తీసుకున్నాడు. తనను పంపిన కాంగ్రిగేషనల్ సంఘాల ఆసరా దాంతో తెగిపోయింది. శ్రీరాంపూర్‌లో అప్పటికి విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే ముగ్గురు మహానుభావులు అచ్చుయంత్రాలతో, అనేక భాషల్లో లేఖనాల అనువాదాలతో పెద్ద పరిచర్య సాగిస్తున్నారు. కొత్తగా వచ్చిన మిషనరీకి పోల్చుకోవడానికి అంతకన్నా పెద్ద కొండ ఏముంటుంది? ఈస్టిండియా కంపెనీ అధికారులు అమెరికన్లను ఉండనివ్వలేదు. జడ్సన్ దంపతులు మారిషస్ వెళ్లి, అక్కడి నుంచి మద్రాసు చేరి, అక్కడ కూడా నిలవనిచ్చేట్టు లేరని తెలిసి, దొరికిన ఓడ ఎక్కారు. అది రంగూన్ వెళ్లే ఓడ. దారిలో మొదటి బిడ్డ మృతశిశువుగా పుట్టింది. 1813 జూలై 13న రంగూన్‌లో దిగారు.

రంగూన్ అంటే తెలుగువారికి పరాయి ఊరు కాదు. తర్వాతి కాలంలో కోరంగి రేవు నుంచి, విశాఖ నుంచి మన తాతముత్తాతలు వేలమంది కూలికోసం అక్కడికే వెళ్లారు. కానీ జడ్సన్ దిగిన నాటికి అక్కడ ఒక్క బర్మా క్రైస్తవుడు లేడు. ఆరు సంవత్సరాలపాటు లేడు. ప్రభువు బల్ల దగ్గర భార్యాభర్తలిద్దరే కూర్చున్న ఆదివారాలు ఎన్నో. 1815లో పుట్టిన కుమారుడు ఎనిమిది నెలలకే పోయాడు. ఫలితమేమిటని స్వదేశం నుంచి ప్రశ్నలు వచ్చేవి. 1816లో రాసిన ఉత్తరంలో ఆయన సంఘాలను సహనం అడిగాడు. విజయం విషయంలో తన నమ్మకమంతా దేవుని వాగ్దానం మీదే గానీ కంటికి కనిపించేదాని మీద లేదన్నాడు. కేరీ అంతటివాడికి కూడా బెంగాల్‌లో మొదటి విశ్వాసి కృష్ణపాల్ బాప్తిస్మం పొందడానికి ఏడేళ్లు పట్టిందన్న సంగతి ఆయనకు తెలిసినదే.

1819లో పగోడాలకు వెళ్లే దారి పక్కన జడ్సన్ ఒక చావడి కట్టించాడు. బర్మావారు బాటసారుల కోసం కట్టే చావడి లాంటిదే. అక్కడ నేలమీద కూర్చుని వచ్చేపోయేవారితో మాట్లాడేవాడు. ఆ జూన్ 27న మౌంగ్ నౌ అనే కూలిమనిషి మొదటి బాప్తిస్మం తీసుకున్నాడు. 1822 నాటికి ఆ చిన్న మంద పద్దెనిమిది మంది.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పుకుందాం. 1824లో ఆంగ్లేయులకూ బర్మా రాజుకూ యుద్ధం వచ్చింది. తెల్లవాడు గనుక వేగులవాడని ఆవాలో జడ్సన్‌ను చెరలో వేశారు. రాత్రిళ్లు కాళ్లు వెదురుగడకు కట్టి పైకెత్తితే భుజాలు మాత్రమే నేలకు ఆనేవి. పసిబిడ్డను ఎత్తుకుని ఆన్ అధికారుల గడపగడపకూ తిరిగింది, అన్నం మోసింది. ఏడాదిన్నర తర్వాత విడుదలయ్యాడు, యుద్ధం ముగిసినప్పుడు సంధి మాటల్లో ఆయనే దుబాసీ. 1826 అక్టోబరు 24న, ఆయన బ్రిటిష్ రాయబారితో ఆవాకు వెళ్లి ఉన్న సమయంలో, అమ్హర్స్ట్‌లో ఆన్ జ్వరంతో చనిపోయింది. సరిగ్గా ఆరు నెలలకు పాప మరియ కూడా. ఆ మధ్యలోనే అమెరికాలో తండ్రి కన్నుమూశాడు.

మేము నిలిచి చూడాలనుకున్నది ఇక్కడే. చెరసాలలో చెక్కుచెదరని మనిషి ఇప్పుడు కూలిపోయాడు. 1823లో బ్రౌన్ విశ్వవిద్యాలయం తనకిచ్చిన గౌరవ డాక్టరేట్‌ను 1828లో వద్దని, ఇకమీదట తన పేరు పక్కన అది రాయవద్దని పత్రికాముఖంగా తెలియజేశాడు. తనను మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలన్నీ నాశనం చేశాడు, భారతదేశపు గవర్నర్ జనరల్ కృతజ్ఞతలు తెలిపిన ఉత్తరంతో సహా. చెల్లెలి దగ్గరున్న తన పాత ఉత్తరాలను కూడా తగలబెట్టమని పట్టుబట్టాడు. తన సొంత ఆస్తిని మిషన్‌కు రాసిచ్చాడు. ఆన్ చనిపోయి రెండేళ్లు నిండిన రోజున మౌల్మీన్ శివార్లలో పులులు తిరిగే అడవి అంచున వేసుకున్న గుడిసెలోకి మారాడు. కొంచెం అన్నంతో కాలం గడిపాడు. ఒక గొయ్యి తవ్వించి, దాని ఒడ్డున కూర్చుని, తన శరీరం అందులో ఎలా కుళ్లిపోతుందో ఊహించుకునేవాడు. దేవుడున్నాడని నమ్ముతున్నాను గానీ ఆయన నాకు కనిపించడం లేదని 1829లో, ఆన్ మూడో వర్ధంతినాడు, ఉత్తరం రాశాడు.

కొందరు జీవితచరిత్రకారులు దీన్ని పరిశుద్ధతకు శిఖరంగా వర్ణిస్తారు. మేము ఒప్పుకోలేం. పెద్ద దుఃఖమది, సందేహం లేదు. అంత దుఃఖంలో ఉన్న మనిషిని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. కానీ ఆ రోజుల్లో ఆయన చేతిలో ఉన్న పుస్తకాలేమిటి? మదాం గుయాన్, ఫెనెలాన్, థామస్ ఎ కెంపిస్. గొప్ప భక్తులే. తన ప్రార్థనను, తన నిరాడంబరతను, తన ఆత్మత్యాగాన్ని వారి పక్కన పెట్టి చూసుకుంటే ఎంత విడిచినా ఇంకా చాలలేదనే అనిపించేది. కాలేజీలో ప్రథముడిగా ఉండాలనుకున్న మనిషి ఇప్పుడు అందరికంటే కడపటివాడిగా ఉండటంలో ప్రథముడు కావాలనుకున్నాడు. బిరుదు పోయింది, ఉత్తరాలు పోయాయి, కొలతబద్ద మాత్రం చేతిలోనే ఉంది. ఉపవాసం ఎన్నాళ్లు చేశామో, తెల్లవారుజామున ఎన్ని గంటలకు లేచి ప్రార్థిస్తున్నామో పక్కవారితో సరిచూసుకునే విశ్వాసులకు ఈ మాట అర్థమవుతుంది.

అపొస్తలుడైన పౌలుకు కొరింథులో ఈ చిక్కే వచ్చింది. అక్కడి కొందరు బోధకులు తమను తమతోనే తూచుకుని, ఒకరితో ఒకరు సరిచూసుకుని పౌలును తక్కువ చేశారు. రెండవ కొరింథీ పత్రిక పదో అధ్యాయంలో ఆయన దానికి జవాబిచ్చాడు. అలా చేసేవారు వివేకం లేనివారన్నాడు. అక్కడితో ఆగి ఉంటే మనకు మందలింపు తప్ప ఏమీ మిగిలేది కాదు. దేవుడు తనకు కొలిచి ఇచ్చిన మేర ఒకటుందని, కొరింథు ఆ మేరలోనే ఉందని పౌలు చెబుతాడు. గ్రీకులో అక్కడున్న మాట కానోన్. కొలతబద్ద అని అర్థం, ఆ బద్దతో కొలిచి అప్పగించిన హద్దు అని కూడా అర్థం. మన అనువాదకులు దానికి ‘మేర’ అన్నారు. ఇంతకంటే మంచి తెలుగు మాట దొరకదనుకుంటాం. మేర అంటే పొలానికి హద్దు. మన పల్లెల్లో ఇంకో మేర కూడా ఉండేది. కళ్లంలో ధాన్యం నూర్చాక వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి వాడుక ప్రకారం కొలిచిపెట్టే గింజలను కూడా మేర అనేవారు. అది చేసిన పనికి పెట్టే బువ్వ. కమ్మరి మేరతో చాకలి పూట గడవదు. మేర అంటే హద్దుతోపాటు తిండి కూడా అని పెద్దవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

జడ్సన్‌కు తన మేర ఏమిటో తెలిసిరావడానికి ఇంకొకరి పొలంలో పంట చూడవలసి వచ్చింది.

జార్జ్ బోర్డ్‌మన్ అనే యువ మిషనరీ 1827లో భార్య సారాతో బర్మా వచ్చాడు. జడ్సన్ కంటే పన్నెండేళ్లు చిన్న. క్షయరోగి. అదే కాలంలో జడ్సన్ ఇంట్లో కో తా బ్యూ అనే మనిషి ఉండేవాడు. కొండల్లో నివసించే కరెన్ జాతివాడు. బందిపోటుగా బతికి ముప్పైమంది చావుకు కారణమైనవాడని చెప్పుకునేవారు. అప్పు కింద బానిసైతే ఒక బర్మా విశ్వాసి ఆ అప్పు తీర్చి తెచ్చుకున్నాడు. కానీ అతని దురుసుతనం భరించలేక వదిలించుకోబోతే జడ్సన్ ఆ భారం తాను తీసుకుని సువార్త చెప్పాడు. అతణ్ని వెంటబెట్టుకుని బోర్డ్‌మన్ తావోయ్ వెళ్లాడు. 1828 మే 16న అక్కడ అతనికి బాప్తిస్మం ఇచ్చాడు. పోగొట్టుకున్న దేవుని గ్రంథం ఒకనాడు తెల్ల తమ్ముడి ద్వారా తిరిగి వస్తుందన్న పూర్వగాథ కరెన్‌లలో ఉండేది. కో తా బ్యూ కొండలెక్కి వెళ్లి ఆ గ్రంథం వచ్చిందని చెప్పడం మొదలుపెట్టాడు. జనం తండోపతండాలుగా దిగివచ్చారు.

1831 ఫిబ్రవరిలో బోర్డ్‌మన్‌ను మంచంతో సహా మోసుకుని అడవిపల్లెకు తీసుకెళ్లారు. ఒక సాయంకాలం ముప్పైనాలుగు మంది కరెన్‌లు బాప్తిస్మం తీసుకోవడం ఆయన మంచం మీదనుంచి చూశాడు. మర్నాడు తిరుగుప్రయాణంలో చనిపోయాడు. వయసు ముప్పై. ఆయన వచ్చి నాలుగేళ్లయినా పూర్తికాలేదు. జడ్సన్‌కు రంగూన్‌లో మొదటి విశ్వాసి దొరకడానికే ఆరేళ్లు పట్టింది. బర్మావారి నడుమ ఒక్కొక్కరుగా పోగైన ఆ సంఘాన్ని, కరెన్ కొండల్లో వేలల్లోకి పెరిగిన సంఘాన్ని పక్కపక్కన పెడితే పోలిక ఎటు మొగ్గుతుందో చిన్నపిల్లవాడైనా చెబుతాడు.

పాత జడ్సన్ అయితే ఎన్ని చుట్టుదారులు తిరిగేవాడో! ఈ జడ్సన్ మాత్రం 1830లో గుడిసె బతుకునుంచి బయటపడి పనిలోకి దిగాడు. 1831లో రంగూన్ మహా పగోడా ఉత్సవానికి వచ్చిన జనంలో అడిగినవాళ్లకే ఇస్తూ పదివేల దాకా కరపత్రాలు పంచాడు. బోర్డ్‌మన్ పోయాక తానే సాల్వీన్ నది మీదుగా కరెన్ పల్లెలకు వెళ్లి బాప్తిస్మాలిచ్చాడు. ఆ పర్యటనలు ఆయనకు ప్రాణం లేచివచ్చినట్లుండేవి. ఊరూరా తిరిగి సువార్త చెప్పడమే ఆయనకు ఇష్టమైన పని. పైగా పంట విరగపండుతున్నది అక్కడే.

అలాంటి సమయంలో ఆయన ఆ పంటను ఇతరులకు వదిలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. పాత నిబంధన అనువాదం సగంలో ఉంది. హెబ్రీ భాష, బర్మా భాషలోని పాళీ పదాలు, రెండూ పట్టుబడినవాడు ఆయనొక్కడే. ఆ పని ఇంకెవరూ చేయలేరు, కరెన్‌ల దగ్గరికి ఇంకెవరైనా వెళ్లగలరు. ఇష్టం ఒకవైపు, మేర ఇంకోవైపు. దాదాపు రెండేళ్లు బల్లకు అతుక్కుపోయి 1834 జనవరి 31న చివరి పుట అనువదించాడు. అది చాలదన్నట్లు మళ్లీ మొదటినుంచి సరిచూసి 1840లో ముగించాడు. ఆ తర్వాత నిఘంటువు పని నెత్తిన పడింది. అది ఆయనకు బొత్తిగా రుచించని చాకిరీ. చేశాడు. ఆ బైబిల్‌ను బర్మా సంఘాలు నేటికీ చదువుతున్నాయి.

ఈ మార్పు ఏ రోజున వచ్చిందో ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు. గౌరవాలను తగలబెట్టినప్పుడు దొరకని నెమ్మది ఒక వచనంలో సరైన మాట కోసం వారాలు వెతుకుతున్నప్పుడు దొరికింది. పక్కవాడి చేను చూడకూడదని ఒట్టు పెట్టుకోవడం కంటే తన చేలో తలవంచి కలుపు తీస్తున్నవాడికి పక్క చేను కనిపించకపోవడం సులువు. యోహాను సువార్త చివరి అధ్యాయంలో పేతురు మరో శిష్యుణ్ని చూపించి ఇతని సంగతేమిటని అడిగినప్పుడు ప్రభువు జవాబులోనూ మందలింపు కొంచెమే, పని అప్పగింత ఎక్కువ.

జడ్సన్ 1834లో బోర్డ్‌మన్ భార్య సారాను వివాహమాడాడు. ఆమె కూడా బర్మా భాషలో దిట్ట. ఎనిమిదిమంది పిల్లలు పుట్టాక ఆమె ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. అమెరికా తీసుకెళ్తుండగా 1845 సెప్టెంబరు 1న సెయింట్ హెలెనా దీవి దగ్గర ఓడలో కన్నుమూసింది. అక్టోబరులో జడ్సన్ బోస్టన్‌లో దిగాడు. ముప్పైమూడేళ్ల తర్వాత స్వదేశం!

ఇంటింటా ఆయన పేరు. ఆయన పేరు పెట్టుకున్న పిల్లలు వీధివీధికీ ఉన్నారు. కిక్కిరిసిన సభల్లో ఆయన్ను పొగుడుతుంటే తల వంచుకునేవాడు, పొగడ్త పెరిగేకొద్దీ ఆ తల ఇంకా కిందికి వాలేదట. గొంతు జబ్బు వల్ల స్వరం పోయింది. ఆయన గుసగుసగా చెప్పేది పక్కనున్నవారు గట్టిగా జనానికి వినిపించేవారు. ఒకనాడు గొప్ప వక్త కావాలని కలలుగన్న పిల్లవాడికి దొరికిన వేదిక అది. ఒక ఊళ్లో ఆయన రక్షకుని ప్రేమ గురించి కాసేపు చెప్పి కూర్చున్నాడు. పులుల కథలు, చెరసాల కథలు వింటామని వచ్చినవాళ్లు నిరాశపడ్డారు. భూమి మీద చెప్పదగ్గ కథల్లో అన్నిటికంటే మంచిది చెప్పానే అని ఆయన ఆశ్చర్యపోయాడు.

బోస్టన్‌లో జరిగిన స్వాగతసభలో ఒక సంగతి జరిగింది. జనాన్ని తోసుకుంటూ ఒక పెద్దమనిషి వేదిక దగ్గరికి వచ్చి జడ్సన్‌ను కౌగిలించుకున్నాడు. శామ్యూల్ నాట్! పైన చెప్పిన ఐదుగురిలో ఒకడు. అందరిలాగే అభిషేకం పొంది, అందరిలాగే ఓడెక్కి, బొంబాయిలో ఆరోగ్యం చెడి మూడు నాలుగేళ్లకే తిరిగివచ్చేశాడు. ఆ సభనాటికి మసాచుసెట్స్‌లో ఒక చిన్న ఊరి సంఘానికి కాపరి. మిగిలిన ముగ్గురిలో న్యూవెల్ 1821లో, హాల్ 1826లో కలరాతో మన దేశంలోనే చనిపోయారు. రైస్ 1813లో సాయం కూడగట్టడానికి అమెరికా వెళ్లి, తిరిగి రాలేకపోయాడు. గుర్రపుబండి మీద ఊరూరూ తిరిగి బాప్తిస్టు సంఘాలను మిషన్ పనికోసం ఏకం చేసి, అప్పుల నిందలు మోసి, 1836లో పోయాడు. ఆయన తిరిగిన ఆ దారుల్లో పోగైన డబ్బుతోనే రంగూన్‌లో జడ్సన్ అన్నం తిన్నాడు. ఐదుగురిలో మిగిలినవాళ్లు ఆ ఇద్దరే, ఒకరు ప్రపంచమెరిగినవారు, ఇంకొకరు తన ఊరివాళ్లు మాత్రమే ఎరిగినవారు. ఆ సభలో ఇద్దరూ ఏడ్చి ఉంటారని మా ఊహ. వారిలో ఎవరు ఎక్కువ చేశారని లెక్కగట్టాలనుకునేవారు 1812నాటి ఆ ఓడలు ఎక్కి మొదటినుంచి లెక్కపెట్టుకోవలసి వస్తుంది.

ఇదే మిషన్ సంస్థకు మన నెల్లూరులోనూ ఒక పొలం ఉండేది. 1836లో శామ్యూల్ డే తెలుగువారి మధ్యకు వచ్చాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్లమీద లెక్కపెట్టేటంతమందే. బర్మా పటంలో నక్షత్రాల్లా మెరిసే మిషన్ స్థానాలు ఎన్నో, తెలుగుదేశంలో ఒక్కటి. దాన్ని మూసేయాలన్న మాట ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1853లో ఆల్బనీ సభలోనూ అదే చర్చ. అక్కడే దానికి ఒంటరి నక్షత్రమని పేరొచ్చింది. పోలికను బట్టి తీర్పు చెప్పి ఉంటే ఆ రోజే దీపం ఆరిపోయేది. 1854 నూతన సంవత్సరం ఉదయాన లైమన్ జ్యూయెట్ దంపతులు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండమీద మోకరించారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు సంగతి తెలిసిన మనలో చాలామంది దాన్ని కూడా కొలతబద్దగా మార్చుకున్నాం. పదిమందికి బాప్తిస్మమిచ్చిన పల్లె కాపరి ఆ అంకె విని తల దించుకుంటాడు. ఎందుకు దించుకోవాలి? డే సేవ చేసిన ఏళ్లలో ఆ పదిమంది కూడా పండగే.

1846లో జడ్సన్ రచయిత్రి ఎమిలీ చబ్బక్‌ను వివాహమాడి తిరిగి బర్మా వెళ్లాడు. ఆంగ్లం నుంచి బర్మా భాషకు నిఘంటువు 1849లో పూర్తయింది. రెండో భాగం సాగుతుండగా జలుబుతో మొదలైన జబ్బు ముదిరింది. సముద్రపు గాలి మేలు చేస్తుందని వైద్యులు చెబితే 1850 ఏప్రిల్‌లో ఒక ఫ్రెంచి ఓడ ఎక్కించారు. ఎమిలీ నిండు గర్భిణి, వెంట వెళ్లలేకపోయింది. మిషన్ ముద్రణాలయంలో పనిచేసే థామస్ రానీ తోడు వెళ్లాడు. ఏప్రిల్ 12న బంగాళాఖాతంలో జడ్సన్ చనిపోయాడు. ఆ రాత్రి ఎనిమిది గంటలకు ఓడవాళ్లు పెట్టెను సముద్రంలోకి దించారు. కీర్తన లేదు, ప్రసంగం లేదు. పది రోజులకు మౌల్మీన్‌లో ఎమిలీకి మృతశిశువు పుట్టింది. భర్త పోయిన సంగతి ఆమెకు తెలియడానికి ఇంకా నాలుగు నెలలు పట్టింది. ఒకప్పుడు తన గొయ్యి తానే తవ్వించుకుని ఒడ్డున కూర్చున్న మనిషికి, వెళ్లి చూద్దామంటే సమాధి ఎక్కడా లేదు.